మూడో పాట

ఆ ఆదివారం పొద్దున సడేవో వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తన బృందంలోని జుమెరి నడిపే క్యాబేజీల బండిలో డ్రమ్ములూ గిటార్లూ ఎక్కించాలి. వోనోకెర్సో యువజన సంఘం వాళ్ళు మైదానంలో కట్టిన వేదిక మీదకి సాయంత్రానికల్లా చేరాలి. మూడు పాటలు పాడాలి. మొదటిది ప్రభుత్వాన్ని తిట్టే పాట, రెండోది పోలీసుల్ని తిట్టే పాట. ఆ రెండూ జావాలో ప్రతి పంక్ బృందం దగ్గరా ఉండేవే. మూడోది మాత్రం సడేవో సొంతం. దాని పేరు 'కుర్చీ'.

ఆ కుర్చీ వాళ్ళ నాన్నది. పాక్ మార్దీ, అంటే మార్దీగారు, పొగాకును వాసన చూసి రకం కట్టే మనిషి. ఆకు ముక్క నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, అది సుంబింగ్ కొండకి ఏ వాలున పండిందో, ఆరబెట్టినప్పుడు దాని మీద చినుకు పడిందో లేదో చెప్పేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి వెదురు కుర్చీలో కూర్చున్నాక ఆ ముక్కు తప్ప మిగతా ఇంద్రియాలన్నీ సెలవు తీసుకునేవి. కొడుకు చదువు మానేసి 'తుప్పు' అనే పంక్ బృందం పెట్టాడని తెలిసిన రోజు కూడా ఆయన తిట్టలేదు, చెయ్యి చేసుకోలేదు. "వాడు అన్నం తిన్నాడా?" అని భార్యని అడిగాడు. సడేవో పక్కనే నిలబడి ఉన్నాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఆ పాట పుట్టేది కాదు.

ఈ సంగతి బృందంలో మిగతా ఇద్దరికీ చెప్పలేదు గానీ, వోనోకెర్సో మైదానాన్ని ఆనుకునే పొగాకు గోదాము ఉంది. కోతలు అయిపోయిన ఈ రోజుల్లో పాక్ మార్దీ ఆదివారాలు కూడా అందులోనే ఉంటాడు. గోదాము కిటికీలు వేదిక వైపే తెరుచుకుంటాయి. చెవులు సెలవులో ఉన్నా స్పీకర్లకి ఆ సంగతి తెలియదు కదా అని సడేవో ఆశ.

బండి సగం దారిలో, ఒక పెళ్ళింటి ముందు, కొబ్బరి మట్టలతో కట్టిన పచ్చటి తోరణం కింద ఆగిపోయింది. జుమెరి ఇంజను మూత ఎత్తి దానితో మాట్లాడటం మొదలుపెట్టాడు. సడేవో దిగి, రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, లవంగం సిగరెట్టు వెలిగించి ఆకాశం కేసి చూశాడు. సుంబింగ్ మీద నుంచి నల్లటి మబ్బు దిగుతోంది. అతనికి వానంటే ప్రాణభయం. నడినెత్తి మీద జానెడు ఎత్తున కత్తిలా నిలబెట్టిన జుట్టు గంజితో నిలబడింది. అది కరిగిపోకూడదనే నాలుగు రోజులుగా నీళ్ళ జోలికి పోలేదు.

"ఒరేయ్, ఆ మబ్బుని మరీ అంత కోపంగా చూడకురా, జడుసుకుని ఇక్కడే కార్చేసుకుంటుంది," అంది రత్మి. ఆమె డ్రమ్ములు వాయిస్తుంది. మిగతా సమయంలో పిన్ని నడిపే నూడుల్స్ కొట్టులో వడ్డిస్తుంది.

పెళ్ళింట్లో కూడా అందరూ ఆ మబ్బునే చూస్తున్నారు. మంత్రం వేసి వాన రాకుండా కట్టడానికి మాట్లాడుకున్న సోంతానీ తాత ఇంకా రాలేదు. పందిరి పాత టార్పాలిన్, అతిథులేమో ఊరంతా. పెళ్ళికూతురి తండ్రి పాక్ దిర్జో తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వీధిలోకి వచ్చి, రాయి మీద మనిషిని చూసి ఆగిపోయాడు. ఒంటి నిండా నలుపు, మెడలో ఇనప గొలుసు, పక్కన కొండంత పొగ, రెప్ప వేయకుండా మబ్బు మీద చూపు. గాలి అటు నుంచి వీచింది. తాత తన బదులు పంపిన మనిషి ఇతనేనా అన్న అనుమానం ఆ వాసనతో పూర్తిగా తీరిపోయింది. వాన కట్టేవాడు పని ముగిసేదాకా ఒంటి మీద నీళ్ళు పోసుకోడని, పోసుకుంటే కట్టు తెగి వాన దిగుతుందని అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు.

పాక్ దిర్జో చేతులు కట్టుకుని దగ్గరికొచ్చాడు. "తమరు స్నానం మానేసి ఎన్నాళ్ళైందండీ?"

సడేవోకి ఒళ్ళు మండింది. "నాలుగు రోజులు. ఏం, మీకేమైనా నష్టమా?"

"నాలుగు రోజులే!" పాక్ దిర్జో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా కోసం! పోయినసారి పిలిచినాయన రెండు రోజులు మానేసి దానికే ఎంత గొప్ప చెప్పుకున్నాడో!"

ఆ తరవాత ఎవరూ ఎవరికీ ఏమీ వివరించే వ్యవధి లేకపోయింది. నలుగురు కుర్రాళ్ళు బండిలోని సామాను మోసుకొచ్చి వంటల పాక వెనక పెట్టారు. అక్కడ నేలలో వాన ఆగడానికని అప్పటికే కొబ్బరి ఈనెలకి ఎర్రమిరపకాయలూ చిన్నుల్లిపాయలూ గుచ్చి పాతి ఉన్నాయి. కొత్త చాప, చిక్కటి కాఫీ, మూడు పెట్టెల సిగరెట్లు వచ్చాయి.

"ఏవండీ, మేం పాటలు పాడుకునేవాళ్ళం," అన్నాడు సడేవో.

"పాడండి, ఎవరి పద్ధతి వారిది. పోయినసారి వచ్చినాయన మంత్రం ఊదాడు."

"అది కాదండీ, మాకు కరెంటు కావాలి..."

"కరెంటు కూడానా!" పాక్ దిర్జో బావమరిది కేసి తిరిగి గొంతు తగ్గించాడు. "చూశావుటోయ్, ఈయన మామూలు మనిషి కాదు."

జుమెరి తల గోక్కుంటూ, ఎలాగూ బండి బాగవడానికి టైం పడుతుంది, ఈలోపు సాధన చేసుకున్నట్టుంటుంది, పైగా మేక మాంసం ఉడుకుతోంది అన్నాడు. అది న్యాయంగానే తోచింది. సడేవో గొంతు చించుకుని మొదటి పాట అందుకున్నాడు. గరిటెలు పట్టుకున్న ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. రెండో పాట సగంలో ఉండగా, కొండగాలి దాని పనేదో అది చేసుకుంటూ మబ్బుని తూర్పుకి నెట్టింది. పందిరి మీద ఎండ పడింది. సడేవో కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, మూడో పాట మొదటి తీగ మీటాడు.

పాక్ దిర్జో పరుగున వచ్చి అతని మోకాళ్ళు పట్టుకున్నాడు. "చాలు బాబూ, చాలు! ఇంకా పాడితే కరువొస్తుంది. లేవండి, భోంచేద్దురుగాని."

తూర్పుకి పోయిన మబ్బు వోనోకెర్సోలో దిగింది. వీళ్ళు అక్కడికి చేరేసరికి వేదిక గుడ్డ నేల మీద పరిచినట్టు పడి ఉంది. గోదాము కిటికీలన్నీ మూసి ఉన్నాయి. చూరు కింద నిలబడిన పాక్ మార్దీ కొడుకుని చూశాడు. చూసి, గాలి వాసన పీల్చి, లోపలికి వెళ్ళిపోయాడు. పెళ్ళింటి కబురు ముందే అందిన యువజన సంఘం నాయకుడు మాత్రం చొక్కా పిండుకుంటూ మీదికొచ్చాడు. "పెళ్ళింట్లో మేక మాంసానికి ఆశపడి వానని మా మీదికి తోలతారా? సిగ్గు లేదూ?" అని అరిచాడు. ఆ వారమంతా తెమంగుంగ్ సంతలో, టీ కొట్లలో, మసీదు మెట్ల మీద కూర్చుని 'తుప్పు' బృందం వాళ్ళు తనకి చేసిన అన్యాయాన్ని కనబడినవాడికల్లా చెప్పాడు. డబ్బిచ్చినా దొరకని ప్రచారం అది.

'తుప్పు' అలా పైకొచ్చింది.

మొదటి పిలుపులు అందినప్పుడు సడేవోకి నిజంగానే సంతోషం వేసింది. పెళ్ళిళ్ళు, సున్తీ వేడుకలు, గాలిపటాల పోటీ. ఎక్కడికి వెళ్ళినా ఊరంతా వచ్చేది. ఇంతకు ముందు వీళ్ళ పాటకి పదిమంది వస్తే అందులో సగం మంది తిట్టడానికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు ముసలివాళ్ళు కూడా ముందు వరసలో కూర్చుంటున్నారు. జనం తన కేసి కాకుండా తన నెత్తి పైకి చూస్తున్నారని గమనించడానికి అతనికి కొంత కాలం పట్టింది. ఇష్టం లేని నిజాన్ని కళ్ళు చూసినా మనసు ఆలస్యంగానే సంతకం పెడుతుంది. మొదటి పాటకి మబ్బు కదిలేది, లేదా అసలు మబ్బే ఉండేది కాదు. రెండో పాటకి అన్నం వార్చేవాళ్ళు. మూడో పాట మొదటి తీగకి ఎవరో ఒకరు పరుగున వచ్చి మోకాళ్ళు పట్టుకునేవాళ్ళు. బియ్యం బుట్టో, కోడిపెట్టో చేతికొచ్చేది.

ఒకసారి ఒక సున్తీ వేడుకలో కుండపోతగా కురిసింది. పోనీలే, ఇక్కడితో పీడ విరగడైందని సడేవో లోలోపల ఊపిరి పీల్చుకున్నాడు. జనం మాత్రం అతన్ని ఒక్క మాట అనలేదు. అందరూ ఒకేసారి రత్మి జుట్టు కేసి చూశారు. అది నల్లగా, మెత్తగా, నిగనిగలాడుతూ ఉంది.

"తలంటుకున్నావా అమ్మాయ్?" అని అడిగింది ఒక ముసలావిడ, హత్యా నేరం విచారిస్తున్నట్టు.

"నూడుల్స్ కొట్లో పనండీ బామ్మగారూ. నూనె పొగకి జుట్టు జిడ్డోడుతుంటే పిన్ని ఊరుకోదు."

"చూశారా!" అంది ముసలావిడ ఊరి వైపు తిరిగి. ఊరికి సమాధానం దొరికింది. తరవాతి వారం పిలుపులు రెట్టింపయ్యాయి. కట్టు తెగడానికి కారణం ఇంత స్పష్టంగా దొరికిందంటే, కట్టు ఎంత నిజమో కదా!

సోంతానీ తాత బేరాలు పడిపోయాయి. ఆయన కొన్నాళ్ళు వీళ్ళని శపించాడు. ఆ తరవాత అడిగేవాళ్ళ అభిరుచిని గౌరవించి, ఉన్న నాలుగు వెంట్రుకలకీ గంజి పట్టించి మెళ్ళో సైకిలు గొలుసు వేసుకున్నాడు. తెమంగుంగ్‌లోని మిగతా పంక్ కుర్రాళ్ళు మాత్రం క్షమించలేదు. "పెళ్ళి సంబరాలకి అమ్ముడుపోయినోళ్ళు," అని వీళ్ళ గది తలుపు మీద రంగుతో రాశారు. మర్నాడు అందులోనే ఒకడు చీకటి పడ్డాక వచ్చి, ఎల్లుండి మా అక్క పెళ్ళి, కొంచెం చూడన్నా అన్నాడు.

"రాసిందెవర్రా?" అంది రత్మి.

"నేనే అక్కా. తుడిచేస్తాలే."

అంతలో మాగెలాంగ్ నుంచి రెక్సో అనే అతను వచ్చాడు. మధ్య జావాలోని పంక్ బృందాలన్నిటికీ కలిపి పెద్ద మైదానంలో ఉత్సవం పెడుతున్నాడు. ఆ వేదిక ఎక్కడం కోసమే సడేవో పదిహేడో ఏట గిటారు కొన్నాడు. పాట కోసం చెవి కోసుకునేవాళ్ళు వేల మంది. పెళ్ళివారు ఉండరు, అన్నం వార్చేవాళ్ళు ఉండరు. అక్కడ మోకాళ్ళు ఎవరు పట్టుకుంటారు?

"ఎన్నో వరసలో మేము?" అనడిగాడు సడేవో.

రెక్సో ఇబ్బందిగా నవ్వాడు. "వరస అంటే... పొద్దున్నించీ ఉండాలన్నా. మీకు వేదిక వెనక చాప వేయిస్తాను."

"పాడేది?"

"ముందు నుంచి ఒకళ్ళూ వెనక నుంచి మీరూ పాడితే ఏమీ అర్థం కాదు కదన్నా. మీరు ఊరికే కూర్చోండి చాలు. కొండ వైపు చూస్తూ."

గోడపత్రిక అచ్చయి వచ్చింది. పైన నలభై బృందాల పేర్లు ఉన్నాయి. అట్టడుగున చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: గుడారాలు, దీపాలు, మరుగుదొడ్లు, తుప్పు.

ఉత్సవం రోజున ఒక్క చినుకు పడలేదు. సడేవో చాప మీద కూర్చుని, తన తోటివాళ్ళు నలభై బృందాలు ప్రభుత్వాన్నీ పోలీసుల్నీ తిట్టడం వెనక నుంచి విన్నాడు. దిగి వచ్చిన ప్రతివాడూ అతనికి వంగి నమస్కారం పెట్టి వెళ్ళాడు. మనిషిని వినకుండా తప్పించుకోవడానికి లోకం రెండు దారులు కనిపెట్టిందనీ, ఒకటి చీదరించుకోవడం, రెండోది గౌరవించడమనీ అతనికి ఆ చాప మీద తెలిసింది. చీదరింపులో కనీసం తిరగబడే వీలుంది.

వారం తిరక్కుండానే పాక్ మార్దీ వచ్చాడు.

రత్మి వాళ్ళ పిన్ని కొట్టు వెనక సడేవో అద్దెకుంటున్న గది గుమ్మంలో, ఇస్త్రీ చేసిన బాతిక్ చొక్కాతో, చేతిలో బుట్టతో నిలబడ్డాడు. బుట్టలో బియ్యం, అరటిపళ్ళు, రెండు పెట్టెల సిగరెట్లు. నాన్న ఈ గదికి రావడం అదే మొదలు.

"వచ్చే ఆదివారం మా అమ్మాయి పెళ్ళి," అన్నాడు పాక్ మార్దీ నేల చూపులు చూస్తూ. "తమరు కాస్త దయ చూడాలి."

"నాన్నా, నేను నాన్నా."

"తెలుసు. పనికి పిలిచేటప్పుడు పద్ధతి పద్ధతేనండీ."

పుట్టి ఇరవై రెండేళ్ళకి నాన్న తనతో నేరుగా అన్న అతి పొడుగు మాట అదే. అది కూడా పొరుగూరి మంత్రగాడితో అన్నట్టు అన్నాడు. చెల్లెలు వినార్నీకి పెళ్ళి కుదిరిందని సడేవోకి తెలుసు. తనని అన్నగా పిలుస్తారని ఎదురుచూశాడు.

"ఒక షరతు," అన్నాడు అతను చివరికి. "మూడు పాటలు పాడతాం. మూడోదాన్ని ఎవరూ మధ్యలో ఆపకూడదు. ఎవరూ లేవకూడదు. మీరు ముందు కూర్చోవాలి."

"తమరి పద్ధతి తమరిది."

"ఇంట్లో కుర్చీ తెచ్చుకుని కూర్చోవాలి."

పాక్ మార్దీ ఒక్క క్షణం తలెత్తాడు. "అలాగేనండీ," అన్నాడు.

ఆదివారం తెల్లవారుజామున సడేవో నూతి దగ్గరికి వెళ్ళాడు. రాత్రంతా తన లెక్క తనే వేసుకున్నాడు. మాసిన ఒంటితో పాడితే నాన్న వాన కట్టేవాణ్ణి వింటాడు. శుభ్రమైన ఒంటితో పాడితే కొడుకుని వింటాడు. వాన వస్తే రానీ, ఈ అబద్ధం అందులో కొట్టుకుపోతుంది. రాకపోతే మరీ మంచిది. ఎవరికీ తెలియనక్కర్లేదు, తనకి తెలిస్తే చాలు. నెలల గంజీ మట్టీ బక్కెట్లకి బక్కెట్లుగా కాలవలోకి పోయాయి. రత్మి పిన్ని దాచుకున్న గులాబీ సబ్బు సగం అరిగింది. చదునైపోయిన జుట్టు మీద టోపీ పెట్టి, పాత నల్ల కోటు తొడుక్కున్నాడు.

బండిలో రత్మి ముక్కు ఎగబీల్చింది. "ఏంట్రా, కోటు లోపల పెళ్ళికూతుర్ని దాచావా?"

"చెప్పకు."

"నేను చెప్పను గానీ, వానొస్తే మాత్రం నా జుట్టు మీదికి నెట్టకు."

పెళ్ళింటి ముందు పందిరి వేశారు. ఎదురుగా, అందరికంటే ముందు, వెదురు కుర్చీ ఉంది. దాన్ని అలా ఆరుబయట, ఎండలో చూస్తే చిన్నగా, వంకరగా, ఎవరికీ హాని చేయలేని వస్తువులా కనిపించింది. సుంబింగ్ మీద మాత్రం ఆ ఏడాదిలోకెల్లా నల్లటి మబ్బు కూర్చుని ఉంది.

పాక్ మార్దీ పద్ధతి ప్రకారం సిగరెట్ల పళ్ళెం స్వయంగా తెచ్చి కొడుకు ముందు వంగాడు. వంగినవాడు అలాగే ఆగిపోయాడు. ముక్కుపుటాలు ఒకసారి కదిలాయి. మొహం పాలిపోయింది. ఆ ముక్కు ముప్పై ఏళ్ళుగా పొగాకు వ్యాపారుల మోసాలు పట్టింది. దానికి కోటూ టోపీ ఒక అడ్డా? సడేవో చూపు తిప్పుకున్నాడు. పాక్ మార్దీ నోరు తెరిచి, చుట్టూ ఉన్న మూడు వందల మంది అతిథుల్నీ, మండపంలో కూతుర్నీ చూసి, మళ్ళీ మూసుకున్నాడు. పళ్ళెం కింద పెట్టి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

మొదటి పాట అయింది. రెండోది అయింది. షరతు అందరికీ ముందే చెప్పారు కాబట్టి ఎవరూ లేవలేదు, చెంచాలు కూడా కదల్లేదు. సడేవో మూడో పాట మొదటి తీగ మీటాడు. ఎవరూ పరిగెత్తుకు రాలేదు.

"నాన్న కుర్చీకి చెవులున్నాయి, నాన్నకి లేవు
గోడ గడియారం నా పేరు అడిగింది, నువ్వడగలేదు
ఇంట్లో అందరికంటే పొడుగు నీ మౌనమే నాన్నా
దాని కిందే నిలబడ్డాను, తడవకుండా, ఎదగకుండా..."

అతను అరవలేదు. ఆ పాటని అరవాలనే రాసుకున్నాడు గానీ, ఇన్నాళ్ళకి దొరికిన నిశ్శబ్దంలో అరవబుద్ధి కాలేదు. ఒక్కో మాటా విడిగా, స్పష్టంగా పలికాడు. మండపంలో వినార్నీ కాటుక చెదిరిపోయేలా ఏడ్చింది. రత్మి కర్రలు తడబడ్డాయి. సడేవో అప్పుడు కళ్ళు తెరిచి, ధైర్యం చేసి, కుర్చీ కేసి చూశాడు.

పాక్ మార్దీ తల వెనక్కి వాల్చి ఆకాశంలోకి చూస్తున్నాడు. కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, పెదవులతో ఏవో ప్రార్థనలు గొణుక్కుంటున్నాడు. చూపు మబ్బు అంచుని విడిచి పక్కకి రాలేదు. పందిట్లో మూడు వందల మందీ నిశ్చింతగా కూర్చున్నారు. కట్టు తెగిందని తెలిసినవాడు ఆయన ఒక్కడే. మాసిన ఒంటితో వచ్చి ఉంటే ఆయన కూడా నిశ్చింతగా కూర్చుని పాట వినేవాడని సడేవోకి మూడో చరణం మధ్యలో అర్థమైంది. అప్పటికి చేయగలిగింది మిగతా చరణం పాడటమే. పాడాడు.

పాట ముగిసింది. మబ్బు మెల్లగా కొండ అవతలికి జారసాగింది. జనం లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు, మొహాలు పైకెత్తి.

పాక్ మార్దీ వచ్చి కొడుకు ఎదురుగా నిలబడ్డాడు. చొక్కా చెమటతో వీపుకి అతుక్కుపోయింది. "ఈ ఒక్క రోజు ఆగలేకపోయావా?" అన్నాడు మెల్లగా. అందులో తమరు లేదు, అండీ లేదు. కొడుకుతో అన్న మాట.

సడేవో ఆ మాటనే గట్టిగా పట్టుకున్నాడు. "పాట విన్నావా నాన్నా?"

"పాటా?" పాక్ మార్దీ మళ్ళీ తల పైకెత్తాడు. "ఉండు, ముందు ఆ మబ్బు అటు పోనీ."

అతిథులు వెళ్ళి, కుర్చీని లోపలికి చేర్చి, పందిరి విప్పిన తరవాత వాన దంచి కొట్టింది. పాపం, వాన కట్టినాయన ఇప్పుడు స్నానం చేస్తున్నట్టున్నాడని ఊళ్ళో అందరూ అనుకున్నారు.